సర్వీస్ ఖర్చులు ఎక్కువగా చూపిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు పట్టుకుంటారా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతా చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మాదాపూర్‌లో మీకు 11 మంది ఉద్యోగులున్న చిన్న సాఫ్ట్‌వేర్ సేవల ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. 2024-25లో టర్నోవర్ రూ.2.10 కోట్లు, లాభం రూ.9 లక్షలు. సర్వీస్ ఖర్చుల కింద రూ.78 లక్షలు రాశారు. అందులో ఫ్రీలాన్స్ డెవలపర్లకు 34 లక్షలు, హెచ్‌ఆర్, అడ్మిన్ పనుల కింద మీ శ్రీమతి గారి సంస్థకు 18 లక్షలు, క్లయింట్లను తెచ్చిపెట్టిన మిత్రుడికి కమిషన్ 12 లక్షలు, క్లౌడ్ బిల్లులు, సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్లు, ఆడిట్, లీగల్ వగైరా కలిపి 14 లక్షలు. అంతకుముందు ఏడాది 1.70 కోట్ల టర్నోవర్ మీద ఈ ఖర్చులన్నీ కలిపి 31 లక్షలే. రిటర్న్ 2025 నవంబరులో వేశారు. "ఇంత పెరిగింది కదా, స్క్రూటినీ వస్తుందా? వస్తే ఖర్చంతా తీసేస్తారా? టెన్షన్‌గా ఉంది" అన్నారు.

సూటిగా చెప్పాలంటే, స్క్రూటినీ, అంటే రిటర్న్‌ను అధికారి లోతుగా పరిశీలించడం, వచ్చే అవకాశం ఉంది. కానీ వచ్చినంత మాత్రాన ఖర్చంతా పోదు. ఖర్చు పెద్దదని ఎవరూ తీసేయరు. ఆ డబ్బిచ్చి కంపెనీ ఏం పొందిందో చూపించలేనప్పుడు తీసేస్తారు. మీ లెక్కలో ఫ్రీలాన్సర్ల 34 లక్షల గురించి నాకు పెద్దగా భయం లేదు. శ్రీమతి గారి 18 లక్షలకు గట్టిగా సిద్ధం కావాలి. అసలు ప్రమాదం మిత్రుడి 12 లక్షల్లో ఉంది. చిల్లరగా కనిపించే 14 లక్షల్లో కూడా ఒక మెలిక ఉంది, అది ఇన్‌కమ్ ట్యాక్స్ కంటే జీఎస్టీ వైపు నుంచి వస్తుంది.

నేను హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంట్‌గా ప్రాక్టీస్ చేస్తున్నాను. నా క్లయింట్లలో ఎక్కువమంది మీలాంటి చిన్న కంపెనీల వాళ్లే. కింద చెప్పేది చట్టంలో ఉన్నదానికి తోడు, నోటీసులకు జవాబులు రాస్తూ చూసింది.

ముందు ఎంపిక ఎలా జరుగుతుందో చూద్దాం. స్క్రూటినీ కేసుల్లో ఎక్కువ భాగాన్ని కంప్యూటరే ఏరుతుంది. ఏ లెక్క ప్రకారం ఏరుతుందో శాఖ బయటపెట్టదు. అయితే నోటీసులో ఏ విషయం మీద పరిశీలిస్తున్నారో రాస్తారు కాబట్టి, పదిమంది నోటీసులు చదివితే దేన్ని చూస్తున్నారో ఓ అంచనా వస్తుంది. కంపెనీలు వేసే ఐటీఆర్-6లో ప్రొఫెషనల్, కన్సల్టెన్సీ ఫీజులకు ఒక గడి, కమిషన్‌కు ఇంకో గడి విడిగా ఉంటాయి. రెండింట్లోనూ విదేశాలకు ఎంత, ఇక్కడ ఎంత అని మళ్లీ విడగొట్టి అడుగుతారు. మీరు ప్రతి మూడు నెలలకూ వేసే టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) స్టేట్‌మెంట్లో ఎవరికి ఎంత ఇచ్చారో ఉంటుంది. జీఎస్టీ రిటర్నుల సమాచారం కూడా శాఖకు అందుతుంది. లాభనష్టాల ఖాతాలో సర్వీస్ ఖర్చు 78 లక్షలుండి, టీడీఎస్ స్టేట్‌మెంట్లో 40 లక్షలే కనిపిస్తే, మిగతా 38 లక్షలు ఎవరికిచ్చారన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. దానికి తోడు టర్నోవర్ 24 శాతం పెరిగితే ఈ ఖర్చు రెండున్నర రెట్లయింది, లాభం మాత్రం టర్నోవర్‌లో 5 శాతం కూడా లేదు. ఈ మూడూ ఒకచోట చేరాయి కాబట్టే "రావొచ్చు" అన్నాను.

గడువు విషయం చాలామందికి తెలియక ఏళ్ల తరబడి భయపడుతుంటారు. స్క్రూటినీకి పిలిచే 143(2) నోటీసు, రిటర్న్ వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక మూడు నెలల్లోపు రావాలి. మీరు 2025 నవంబరులో వేశారు కాబట్టి 2026 జూన్ 30 లోపు రావాలి. అప్పటికి రాకపోతే ఈ సంవత్సరానికి మామూలు స్క్రూటినీ దాటిపోయినట్టే. ఆ తర్వాత కూడా ఆదాయం తప్పించారనడానికి సమాచారం దొరికితే కేసును తిరగదోడవచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది, మీకు 2025-26) ముగిశాక మూడేళ్ల మూడు నెలల వరకు మామూలుగా, తప్పించిన ఆదాయం 50 లక్షలు గానీ అంతకు మించి గానీ అయితే ఐదేళ్ల మూడు నెలల వరకు ఆ అధికారం ఉంటుంది. రిటర్న్ వేసిన కొద్దిరోజులకు వచ్చే 143(1) ఇంటిమేషన్‌ను చూసి కొందరు హడలిపోతారు. అది స్క్రూటినీ కాదు, కంప్యూటర్ కూడికలు తీసివేతలు సరిచూసి పంపే కాగితం. ఇంకో మాట, 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి. మీది 2024-25 కాబట్టి 1961 నాటి పాత చట్టమే వర్తిస్తుంది. అందుకే పాత నంబర్లే రాస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం. ఖర్చును ఒప్పుకోవడానికి మూలం సెక్షన్ 37(1). ఖర్చు పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు, ఆస్తి కొనుగోలు లాంటి పెట్టుబడి ఖర్చు కాకూడదు, చట్టం నిషేధించిన పనికి కాకూడదు. దీనిమీద సుప్రీంకోర్టు తీర్పులు రెండు మీరు తెలుసుకోవాలి. వాల్‌చంద్ కంపెనీ కేసులో 1967లో, ఖర్చు సమంజసమా కాదా అన్నది వ్యాపారి కోణం నుంచి చూడాలి గానీ పన్ను శాఖ కోణం నుంచి కాదని చెప్పింది. అంటే "ఇంతమంది ఫ్రీలాన్సర్లు మీకెందుకు, ఉద్యోగుల్ని పెట్టుకోవచ్చుగా" అని అధికారి అడగడానికి లేదు. లక్ష్మీనారాయణ్ మదన్‌లాల్ కేసులో 1972లో, కమిషన్ చెల్లింపు గురించే, అగ్రిమెంటు ఉంది, డబ్బు ఇచ్చారు అన్నంత మాత్రాన అది వ్యాపారం కోసం పెట్టిన ఖర్చని అధికారి ఒప్పుకోవాల్సిన పనిలేదని చెప్పింది. ఎంత ఖర్చు పెట్టాలన్నది మీ ఇష్టం, నిజంగా దేనికి పెట్టారో రుజువు చేయడం మీ బాధ్యత. నాకు తెలిసిన సర్వీస్ ఖర్చుల గొడవలన్నీ ఈ రెండింటి మధ్యే నడిచాయి.

వస్తువు కొంటే సరుకు వచ్చిన దాఖలా, స్టాకు రిజిస్టరు, లారీ వే బిల్లు ఉంటాయి. సర్వీసుకు అవేవీ ఉండవు. అందుకే దొంగ బిల్లులు రాసేవాళ్లకు సర్వీస్ బిల్లే తేలిక, శాఖ వాళ్లకు అనుమానం కూడా దానిమీదే ఎక్కువ. మీ బిల్లు నిజమైనదే అయినా ఆ అనుమానం నీడలోనే చదువుతారు. మన దగ్గర చాలామంది "బిల్లు ఉంది, టీడీఎస్ కట్ చేశాం, బ్యాంకు ద్వారా ఇచ్చాం, జీఎస్టీ కూడా కట్టాడు, ఇంకేం కావాలి" అంటారు. ఆ నాలుగూ డబ్బు ఇచ్చినదానికి రుజువులు. పని జరిగినదానికి రుజువులు కావు.

బాలానగర్‌లో యంత్ర పరికరాలు చేసే ఒక కంపెనీ కేసు దీనికి మంచి ఉదాహరణ. మార్కెటింగ్ సేవల పేరుతో సికింద్రాబాద్‌లోని ఒక సంస్థకు ఏడాదిలో 8 లక్షలు ఇచ్చారు. పైన చెప్పిన నాలుగూ ఉన్నాయి. నోటీసు వచ్చాక ఆ కంపెనీ యజమాని నా దగ్గరకు వచ్చారు. "వాళ్లు మీకు ఏ మార్కెటింగ్ చేశారు?" అని అడిగితే ఒక ఈమెయిల్ గానీ, ఒక కస్టమర్ పేరు గానీ, ఒక బ్రోషర్ గానీ చూపించలేకపోయారు. బిల్లు మీద ఒక్క వాక్యం, అందించిన సేవల నిమిత్తం అని. అవతలి సంస్థ జీఎస్టీ రిజిస్ట్రేషన్ వెనకటి తేదీ నుంచి రద్దయి ఉంది. వీళ్లు డబ్బు పంపిన రోజే ఆ ఖాతా నుంచి నగదు తీసినట్టు బ్యాంకు వివరాల్లో కనిపించింది. ఖర్చు మొత్తం లాభానికి కలిపారు, పెనాల్టీ వేశారు. జీఎస్టీ వాళ్లు విడిగా నోటీసిచ్చి, ఆ బిల్లు మీద కట్టిన జీఎస్టీకి తీసుకున్న తగ్గింపును (ఇన్‌పుట్ క్రెడిట్) వడ్డీతో సహా వెనక్కి తీసుకున్నారు. ఎంత వాదించినా, చేసిన పని చూపించకుండా గెలవడం సాధ్యం కాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు కేసు అమీర్‌పేటలోని ఒక శిక్షణ కంపెనీది. వచ్చిన ఫీజుల్లో సగానికి పైగా ఫ్యాకల్టీకే పోయేది, అంటే మీకంటే ఎక్కువ శాతం. స్క్రూటినీ వచ్చింది. బ్యాచ్‌ల టైమ్‌టేబుల్, ఏ బ్యాచ్‌కు ఎవరు చెప్పారు, విద్యార్థుల హాజరు, ఆన్‌లైన్ క్లాసుల లాగిన్ వివరాలు, గంటకు ఎంత చొప్పున ఇచ్చారో పట్టిక, అన్నీ జతచేసి పెట్టాం. ఒక్క రూపాయి కూడా కలపకుండా వదిలేశారు. ఖర్చు శాతం చూసి భయపడాల్సిన పనిలేదని నేను అంత నమ్మకంగా చెప్పేది ఇలాంటివి చూసే.

మీ ఫ్రీలాన్సర్ల 34 లక్షలు కూడా ఈ కోవలోకే వస్తాయి. కోడ్ ఎవరు ఎప్పుడు రాశారో మీ రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోట) తేదీలతో సహా ఉంటుంది. టాస్క్‌లు ఎవరికి అప్పగించారో ఉంటుంది. ఏ క్లయింటు ప్రాజెక్టుకు ఎవరు పనిచేశారో ఒక పట్టిక వేసి, ఆ క్లయింటు నుంచి మీకొచ్చిన బిల్లు పక్కన పెట్టండి. ఖర్చు పెరగడానికి కారణం కూడా అందులోనే బయటపడుతుంది. కొత్త ప్రాజెక్టు వచ్చిందో, ఇద్దరు ఉద్యోగులు మానేస్తే వాళ్ల పని బయటికిచ్చారో, ఏదో ఒకటి ఉంటుంది కదా. జీతాల ఖర్చు తగ్గి ఫ్రీలాన్స్ ఖర్చు పెరిగి ఉంటే అదే సగం జవాబు.

ఇక్కడ ఒక్క విషయం చూసుకోండి. ఆ ఫ్రీలాన్సర్లలో ఎవరైనా రోజూ మీ ఆఫీసుకే వచ్చి, మీ సమయాలే పాటించి, మీరిచ్చే సెలవులే తీసుకుంటూ, వేరే ఎవరికీ పనిచేయకుండా ఉన్నారా? మాదాపూర్, కొండాపూర్ చిన్న కంపెనీల్లో ఇది మామూలైపోయింది. పేరుకు కన్సల్టెంట్, నిజానికి ఉద్యోగి. అలాంటివాళ్లను జీతగాళ్లుగా లెక్కేస్తే టీడీఎస్ సెక్షన్ మారుతుంది, పీఎఫ్, ఈఎస్ఐ వాళ్లు కూడా రంగంలోకి దిగొచ్చు. ఈఎస్ఐకి 10 మంది, పీఎఫ్‌కు 20 మంది అన్న సంఖ్యల దగ్గర మీ కంపెనీ ఎక్కడుందో చూసుకోండి.

టీడీఎస్ గురించి. 2024-25కి ప్రొఫెషనల్ ఫీజు ఒకరికి ఏడాదికి 30 వేలు దాటితే 194జె కింద కోయాలి. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 50 వేలు అయింది. ప్రొఫెషనల్ సేవకు 10 శాతం, సాంకేతిక సేవకు 2 శాతం. మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీలకు ఇచ్చేది కాంట్రాక్టు కిందకు వస్తుంది, అది 194సి. మనిషికి, హెచ్‌యూఎఫ్‌కు (హిందూ ఉమ్మడి కుటుంబానికి) 1 శాతం, మిగతావాళ్లకు 2 శాతం. కోయకుండా ఇచ్చేస్తే, ఇక్కడివాళ్లకు ఇచ్చినదాంట్లో 30 శాతం లాభానికి కలుపుతారు. దానికి తోడు వడ్డీ ఉంటుంది, కోయనందుకు నెలకు 1 శాతం, కోసి కట్టనందుకు నెలకు 1.5 శాతం. ఎక్కడైనా వదిలేసి ఉంటే ఒక దారి ఉంది. డబ్బు తీసుకున్న వ్యక్తి తన రిటర్న్‌లో ఆ ఆదాయం చూపించి పన్ను కట్టి ఉంటే, ఫారం 26ఎలో సీఏ సర్టిఫికెట్ ఇప్పించండి. ఆ 30 శాతం కలపడం తప్పుతుంది. వడ్డీ మాత్రం కట్టాలి. నోటీసు వచ్చాక ఆ ఫ్రీలాన్సర్ల కోసం వెతకడం నరకం, సగం మంది బెంగళూరు వెళ్లిపోయి ఉంటారు, ఫోన్లు ఎత్తరు. ఇప్పుడే అడగండి.

ఇక మీ శ్రీమతి గారి సంస్థ. భార్యకు డబ్బు ఇవ్వడం తప్పు కాదు. ఇలాంటి చెల్లింపుకు 40ఎ(2) అనే విడి నిబంధన ఉంది. డైరెక్టర్‌కు గానీ, డైరెక్టర్ బంధువుకు గానీ ఇచ్చింది మార్కెట్ ధర కంటే ఎక్కువని అధికారికి అనిపిస్తే, ఎక్కువైనంత మేరకు తీసేయవచ్చు. మొత్తం కాదు, ఎక్కువైన భాగమే. బంధువు అంటే చట్టం దృష్టిలో భార్య, భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పై తరాల, కింది తరాల రక్తసంబంధీకులు. బావమరిది, తోడల్లుడు ఆ జాబితాలో లేరు. అది చూసి కొందరు బావమరిది పేరున బిల్లు పెడుతుంటారు. ఆ తెలివితేటలు పనికిరావు. 40ఎ(2) తగలకపోయినా 37(1) ఉండనే ఉంది. పని జరిగిందా అన్న ప్రశ్న బావమరిదికీ వర్తిస్తుంది.

మీ దగ్గర 11 మంది ఉద్యోగులు. వాళ్ల హెచ్‌ఆర్, అడ్మిన్ పనికి నెలకు లక్షన్నర. నేను అధికారినైతే మొదట అడిగేది ఇదే. బయటి సంస్థ ఇదే పని ఎంతకు చేస్తుందో ఒకటి రెండు కొటేషన్లు తెప్పించి పెట్టుకోండి. ఆమె చేసింది కేవలం జీతాల పట్టీ తయారుచేయడమే అయితే లక్షన్నర నిలబడదు. ఆ ఏడాది ఎంతమంది ఫ్రీలాన్సర్లను వెతికారు, ఇంటర్వ్యూలు చేశారు, ఆఫీసు లీజు మాట్లాడారు, క్లయింట్ల బకాయిలు వసూలు చేశారు, ఇవన్నీ ఉంటే విడివిడిగా రాయాలి, ఈమెయిళ్లతో సహా. కూకట్‌పల్లిలో ఒక ప్రకటనల కంపెనీ డైరెక్టర్ తన కూతురి డిజైన్ స్టూడియోకు ఏడాదికి 15 లక్షలిచ్చారు. ఆ అమ్మాయి చేసిన డిజైన్ ఫైళ్లు, వాటిని క్లయింటు ఆమోదించిన మెయిళ్లు, అదే స్టూడియో బయటి కంపెనీలకు అదే రేటుకు ఇచ్చిన బిల్లులు చూపించాం. అధికారి ఒప్పుకున్నారు. బయటివాళ్లకు కూడా అదే రేటు అన్నది అన్నిటికంటే బలమైన రుజువు. మీ శ్రీమతి గారికి వేరే క్లయింట్లు ఎవరైనా ఉన్నారా?

ఈ విషయంలో దాదాపు ఎవరూ పట్టించుకోని ఇంకో సెక్షన్ ఉంది, 64(1)(ii). కంపెనీలో ఓటు హక్కున్న షేర్లలో 20 శాతం, అంతకు మించి మీకు గానీ, మీ బంధువులతో కలిపి గానీ ఉంటే, ఆ కంపెనీ నుంచి మీ భార్యకు వచ్చే జీతం, ఫీజు, కమిషన్ మీ ఆదాయానికే కలుస్తాయి. ఆమెకు సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, ఆ ఆదాయం పూర్తిగా ఆ విద్య, అనుభవం వల్లే వచ్చిందైతే మాత్రం కలవదు. ఆమె హెచ్‌ఆర్‌లో ఎంబీఏ చేసి, ముందు ఎక్కడో ఆ పని చేసి ఉంటే మీకు చాలా బలం. లేకపోతే కంపెనీలో ఖర్చు నిలబడినా మీ సొంత రిటర్న్‌లో సమస్య వస్తుంది. దీన్ని మీ ఆడిటర్ గారితో ఈ వారమే మాట్లాడండి. కంపెనీ బోర్డు ఈ ఒప్పందాన్ని ఆమోదించిన తీర్మానం ఉందో లేదో కూడా చూడండి. నగదు లావాదేవీలు 5 శాతం మించకపోతే 10 కోట్ల టర్నోవర్ వరకు ట్యాక్స్ ఆడిట్ అక్కర్లేదు కాబట్టి, ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులో బంధువుల చెల్లింపులు రాసే అవసరం మీకు వచ్చి ఉండదు. కానీ కంపెనీల చట్టం కింద ఆడిట్ ప్రతి కంపెనీకీ తప్పనిసరి, ఆ బ్యాలెన్స్ షీట్ నోట్స్‌లో బంధువులతో లావాదేవీలు చూపించాలి. అది కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలవుతుంది. దాచిపెట్టి ఉంచగలిగే విషయం కాదు ఇది.

ఇప్పుడు మిత్రుడి 12 లక్షలు. నన్ను అడిగితే మీరు నిద్రపోకుండా ఆలోచించాల్సింది దీని గురించే. కమిషన్ చాలా వ్యాపారాల్లో నిజంగా ఉంటుంది, మన ఊళ్లో పరిచయాల మీదే సగం పనులు దొరుకుతాయి. కానీ ఆ పరిచయం చేసిన పని కాగితం మీద కనపడదు. అధికారి అడిగే ప్రశ్నలు ఇవి. ఆయన ఏ క్లయింటును తెచ్చారు? ఆ క్లయింటు మీకు ముందే తెలుసా? ఎంత శాతం అని ఎప్పుడు అనుకున్నారు? ఆ క్లయింటు నుంచి డబ్బు వచ్చాక ఇచ్చారా, రాకముందే ఇచ్చారా? ఆయన రోజువారీ వృత్తి ఏమిటి? ఈ డబ్బు ఆయన రిటర్న్‌లో ఉందా? మార్చి నెలాఖరున ఒక్కసారే 12 లక్షలు రాసి ఉంటే, లాభం తగ్గించడానికి రాశారనే అనుకుంటారు.

మీ మిత్రుడు నిజంగా క్లయింట్లను తెచ్చి ఉంటే ఆధారాలు ఎక్కడో ఉంటాయి. మొదట పరిచయం చేస్తూ పెట్టిన వాట్సాప్ మెసేజ్, ముగ్గురూ ఉన్న మీటింగ్ ఇన్వైట్, "ఫలానా ఆయన చెప్పారు" అని క్లయింటు రాసిన మెయిల్. వాటిని తవ్వి తీయండి. క్లయింటు చేత రెండు వాక్యాల లేఖ రాయించుకోగలిగితే ఇంకా మంచిది. కమిషన్ మీద టీడీఎస్ 194హెచ్ కింద 2024 సెప్టెంబరు వరకు 5 శాతం, అక్టోబరు 1 నుంచి 2 శాతం. అది కోశారా చూడండి.

లేని కాగితాలు ఇప్పుడు తయారుచేయకండి. పాత తేదీతో అగ్రిమెంటు రాయించుకుందామని సలహా ఇచ్చేవాళ్లు చుట్టూ చాలామంది ఉంటారు. స్టాంపు పేపరు కొన్న తేదీ దాని మీదే ఉంటుంది. ఫైలు ఎప్పుడు తయారైందో కంప్యూటర్ చెబుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి. బలహీనమైన ఖర్చు దొరికితే పన్ను, వడ్డీతో పోవచ్చు. దొంగ కాగితం దొరికితే మీరు చెప్పే నిజం కూడా ఎవరూ నమ్మరు. పెనాల్టీ కూడా దాన్నిబట్టే మారుతుంది. ఆదాయం తక్కువ చూపితే ఆ మేరకు పడే పన్నులో 50 శాతం. ఆధారం లేని ఖర్చు, తప్పుడు ఎంట్రీ లాంటివైతే 200 శాతం. మీరు 22 శాతం పన్ను పద్ధతిలో ఉంటే సర్‌చార్జి, సెస్ కలిపి 25.168 శాతం. 12 లక్షల మీద పన్ను దాదాపు 3.02 లక్షలు. 50 శాతమైతే పెనాల్టీ లక్షన్నర, 200 శాతమైతే 6 లక్షలు దాటుతుంది. లెక్కల పుస్తకాల్లో తప్పుడు ఎంట్రీ అని తేలితే 271ఎఎడి కింద ఆ ఎంట్రీ మొత్తమంత పెనాల్టీ వేసే అధికారం కూడా ఉంది, అంటే 12 లక్షలకు 12 లక్షలు.

ఒకవేళ ఆ కమిషన్ నిజం కాదని మీ మనసుకే తెలిసి ఉంటే, దారి మూసుకుపోలేదు. అప్‌డేటెడ్ రిటర్న్ వేసి ఆ ఖర్చు మీరే తీసేసి పన్ను, వడ్డీ కట్టొచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు వేస్తే పన్ను, వడ్డీల మొత్తం మీద అదనంగా 25 శాతం పడుతుంది. ఆలస్యం చేసేకొద్దీ 50, 60, 70 శాతం వరకు పెరుగుతుంది. ఆ సంవత్సరానికి స్క్రూటినీ మొదలయ్యాక ఈ అవకాశం ఉండదు. అందుకే నిర్ణయం నోటీసు రాకముందే తీసుకోవాలి.

మిగిలిన 14 లక్షల్లో మెలిక ఉందన్నాను కదా. క్లౌడ్, డిజైన్ టూల్స్, ఉద్యోగ ప్రకటనలు లాంటివి చిన్న కంపెనీల్లో చాలాసార్లు డైరెక్టర్ సొంత క్రెడిట్ కార్డు మీద నడుస్తుంటాయి. బిల్లు డైరెక్టర్ పేరున, ఖర్చు కంపెనీ పేరున. కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు ఆ ఖాతాల్లో ఎక్కించండి. విదేశీ సంస్థ నుంచి సేవ తీసుకుంటే రివర్స్ చార్జ్ కింద జీఎస్టీ మీరే కట్టాలి, మామూలుగా 18 శాతం, తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు. మీ జీఎస్టీ నంబరు ఇవ్వకపోతే వాళ్లు మిమ్మల్ని మామూలు వినియోగదారుగా చూసి పన్ను వాళ్లే వసూలు చేస్తారు, ఆ క్రెడిట్ మీకు రాదు. లాయర్ ఫీజు మీద కూడా రివర్స్ చార్జ్ ఉంటుంది. విదేశీ సాఫ్ట్‌వేర్ కొనుగోలు మీద టీడీఎస్ పడుతుందా అన్నది పాత వివాదం. మామూలుగా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే డబ్బు, పన్ను ఒప్పందాలున్న దేశాల విషయంలో రాయల్టీ కాదని, అంటే దానిమీద టీడీఎస్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2021 మార్చిలో తేల్చింది. కానీ విదేశీ ఫ్రీలాన్సర్‌కు ఇచ్చే ఫీజు అలా కాదు, ఆ దేశంతో ఒప్పందం చూడాలి. అక్కడ టీడీఎస్ కోయాల్సి ఉండి కోయకపోతే 30 శాతం కాదు, పూర్తి ఖర్చు పోతుంది.

మార్చి 31 నాటికి ఇంకా ఇవ్వాల్సిన బిల్లుల్లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే నమోదు) ఉన్న చిన్న సంస్థలవి ఉన్నాయేమో చూడండి. 43బి(హెచ్) ప్రకారం ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే చెల్లించిన సంవత్సరంలోనే ఆ ఖర్చు ఒప్పుకుంటారు. నగదు విషయం మీకు తెలిసే ఉంటుంది, ఒక రోజులో ఒకరికి 10 వేలు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు పోతుంది.

నోటీసు వస్తే ఏం చేయాలో కూడా చెప్తాను. మొదట పోర్టల్‌లోకి వెళ్లి దాని మీదున్న డిన్ నంబరు (ప్రతి నోటీసుకూ శాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్య) సరిచూడండి, దొంగ నోటీసులు కూడా తిరుగుతున్నాయి. పూర్వం బషీర్‌బాగ్ ఆయకర్ భవన్‌కో, ఏసీ గార్డ్స్ ఐటీ టవర్స్‌కో ఫైళ్లు మోసుకెళ్లి అధికారి ఎదురుగా కూర్చుని వివరించేవాళ్లం. ఆయనకు ఏదైనా అర్థం కాకపోతే అక్కడే అడిగేవారు. ఇప్పుడు ఫేస్‌లెస్ పద్ధతిలో అవతలి అధికారి ఏ రాష్ట్రంలో ఉన్నారో తెలియదు. మీరు ఎక్కించిన కాగితాలే మీ తరఫున మాట్లాడాలి. అమీర్‌పేటలో బ్యాచ్‌లు ఎలా నడుస్తాయో, ఇక్కడ డెవలపర్లు ఎలా దొరుకుతారో ఆయనకు తెలియాల్సిన పనిలేదు. కాబట్టి వంద పేజీల బిల్లులు ఒకేసారి ఎక్కించకండి. ముందు ఒక పేజీలో పట్టిక పెట్టండి, ఎవరికి, ఎంత, ఏ పనికి, ఏ ప్రాజెక్టు, టీడీఎస్ ఎంత, రుజువు ఏ పేజీలో ఉంది అని. ఖర్చు ఎందుకు పెరిగిందో అర పేజీలో మామూలు మాటల్లో రాయండి. మన వాట్సాప్ మెసేజ్‌లు సగం తెలుగు, సగం ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. వాటికి పక్కన ఇంగ్లిష్‌లో అర్థం రాసి పెట్టకపోతే అవి ఉన్నా లేనట్టే. ఖర్చు కలుపుతామని షోకాజ్ వచ్చినప్పుడు వీడియో ద్వారా మాట్లాడే అవకాశం అడగవచ్చు. ముఖ్యమైన మొత్తం అయితే తప్పకుండా అడగండి. గడువు తప్పనివ్వకండి. జవాబు ఇవ్వని కేసులో అధికారి దగ్గరున్నదాన్ని బట్టి తేల్చేస్తారు, తర్వాత అప్పీల్‌లో ఏళ్లు పడుతుంది.

నోటీసు వచ్చినా రాకపోయినా ఈ ఫైలు తయారుచేసి పెట్టుకోండి. కంపెనీల చట్టం ప్రకారం ఎలాగూ ఎనిమిదేళ్లు లెక్కలు దాచాలి. ఫ్రీలాన్సర్లతో మొదలుపెట్టకండి, అది తేలిక కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. మొదట మిత్రుడి కమిషన్, తర్వాత శ్రీమతి గారి పని, ఆ తర్వాత మిగతావి.

చివర్లో మీరు ఇంకోటి అడిగారు, ఈ ఏడాది కూడా ఆ మిత్రుడికి కమిషన్ ఇవ్వొచ్చా అని. ఇవ్వొచ్చు, ఆయన నిజంగా పని తెస్తే. కొత్త క్లయింటు మొదటి మీటింగ్‌కు ముందే ఏ క్లయింటుకు ఎంత శాతం అని ఇద్దరూ మెయిల్‌లో రాసుకోండి. క్లయింటు డబ్బు మీకు జమైన నెలలోనే ఆయన వాటా ఇవ్వండి, బిల్లు మీద ఆ క్లయింటు పేరు, మీ ఇన్వాయిస్ నంబరు రాయించుకోండి. ఈ షరతులకు ఆయన ఒప్పుకోకపోతే ఇవ్వకండి.